గాలి లేని రోజు ఆవలి గట్టుకు

పడవల షెడ్డు పక్క ఇల్లు,
ఫిబ్రవరి 9

తమ్ముడూ,

నీ ఆరోగ్యం సంగతి తర్వాత అడుగుతాను, ముందు నా గోల విను. నాన్న చేసిన మన తెరచాప పడవ కొంగకు మోటారు పెట్టాల్సి వచ్చింది.

కంగారుపడకు, పొగ కక్కే ఇంజను కాదు. చేపలు పట్టేవాళ్ళు చిన్న పడవలకు తగిలించుకునే కరెంటు మోటారు. బారెడు కడ్డీ, దాని చివర పిడికిలంత మోటారు, చిన్న రెక్కలు. బ్యాటరీ మీద నడుస్తుంది, చప్పుడు చేయదు.

పదకొండేళ్ళుగా ప్రతి బుధవారం సరస్సులో ఆరు చోట్ల సీసాల్లో నీళ్ళు పట్టి నీళ్ళ ఆఫీసు వాళ్ళకు పరీక్షకు ఇస్తున్నానా, కొత్త ఆఫీసరు వచ్చి ఏడో సీసా అన్నాడు. అదీ ఎక్కడ? ఆవలి గట్టున, ఐసు ఫ్యాక్టరీ మెట్ల దగ్గర. ఎండాకాలంలో ఈ నీళ్ళ మీద ఆకు కదలదు. కదిలినా, అటు తీసుకుపోయిన గాలి ఇటు తిరిగి తీసుకురాదని నాన్న ఎప్పుడూ అనేవాడు. రోడ్డు మీద చుట్టి వెళ్తే రోజంతా పోతుంది. ఆఫీసు పడవ అడిగితే తెడ్డు వేసుకోమన్నాడు. నా భుజం సంగతి నీకు తెలుసు.

నువ్వు ఓడల్లో కరెంటు పని చేసేవాడివి. వెనక పలక మధ్యలో చుక్కాని ఉంది, మోటారు ఎటు పక్క బిగించాలి? బ్యాటరీ ఎక్కడ పెడితే పడవ ఒరగకుండా ఉంటుంది? వివరంగా రాయి. రెండేళ్ళ కింద ఫోను మానేసి ఉత్తరాల్లోకి దిగావు, రేవులో ఓడల కూతలకు గొంతు వినపడదని. సరే, ఉత్తరంలోనైనా గట్టిగా చెప్పు.

మీ ఆవలిగట్టును అడిగానని చెప్పు. ఒకే సరస్సుకు చెరో ఒడ్డువాళ్ళు ఒకే ఓడలో దొరికితే మీ మేస్త్రీ మీకు ఈవలిగట్టు, ఆవలిగట్టు అని పేర్లు పెట్టాడని నువ్వు రాసినప్పటినుంచీ ఆ వెల్డరు బాబు చూడకుండానే నాకు ఇంటిమనిషి. ఏడో సీసా చోటే వాళ్ళ ఊరు కదూ? వాళ్ళమ్మను చూసి వస్తానని చెప్పు.

మీ బావ డ్రిల్లు కొనుక్కొచ్చాడు. దేవుడే కాపాడాలి.

అక్క


రేవు, కార్మికుల వసతి గృహం,
ఫిబ్రవరి 24

అక్కకు,

వద్దు.

నాన్న దాన్ని తెరచాప కోసం చేశాడు. వెనక పలక వేలి మందం కూడా ఉండదు, మోటారు తోసే తోపుకు చీలుతుంది. బ్యాటరీ ఓ బియ్యం బస్తా బరువు. మోటారు తెరచాప తాడుకు అడ్డం, తాడు నీకు అడ్డం. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ఏడో సీసా నా వల్ల కాదని ఆఫీసరుకు చెప్పెయ్.

నీ ఉత్తరం ఆవలిగట్టుకు చదివి వినిపించాను. "కొంగకు మోటారు పెడితే చేపలు నవ్విపోతాయిరా" అన్నాడు. నీ భుజానికి వేడినీళ్ళ కాపడం పెట్టుకోమన్నాడు. వాళ్ళమ్మ అక్కడ లేదట. వాళ్ళ అన్న కూతురి ఇంటికి వెళ్ళిందట, ఎప్పుడొస్తుందో తెలియదట. అందుకోసమైతే అసలు వెళ్ళకు.

నా మాట వినవని తెలుసు. వినకపోతే ఇదొక్కటి విను. చుక్కానికి ఎడమ పక్క, లోపలా బయటా మందమైన చెక్క వేసి బిగించు. బ్యాటరీ తెరచాప కొయ్య మొదట్లో, పెట్టెలో పెట్టి పట్టీతో కట్టు. బ్యాటరీ నుంచి జానెడు దూరంలో బ్రేకరు ఉండాలి. పని చేసేటప్పుడు ముందు బ్యాటరీ తీగ విప్పు. విప్పాననుకోవడం కాదు, విప్పి కళ్ళతో చూసుకో. నువ్వు చూసుకోకుండా బావను చెయ్యి పెట్టనివ్వకు. ఈ మాట మూడుసార్లు చదువు.

తమ్ముడు


పడవల షెడ్డు పక్క ఇల్లు,
మార్చి 12

ఒరేయ్ తమ్ముడూ,

వద్దు వద్దంటూనే పని మొత్తం చెప్పేశావు. నీ నోరు వద్దంటుంది, నీ చేతులు ఊరుకోవు.

బిగించేశాం. మీ బావకు గోడకూ పడవకూ తేడా తెలియదు. మొదటి బెజ్జం నీటిమట్టానికి కిందే పొడిచాడు. "నీళ్ళు లోపలికి రావడానికి ఒకటి, బయటికి పోవడానికి ఒకటి పెడదామా?" అని అడిగాడు పైగా. దాన్ని మైనంతో, చెక్క బిరడాతో పూడ్చి, మళ్ళీ కొలిచి నేనే పొడిచాను. తీగ మూడుసార్లు విప్పి చూసుకున్నాను, నీ మీద ఒట్టు. బ్రేకరు పెట్టాను. మోటారు కడ్డీని, రెక్కలు నీటికి జానెడు లోతున ఉండేలా దించాను. తెరచాప ఎత్తినప్పుడు మోటారును పైకి మడిచేయొచ్చు.

నిన్న మధ్యాహ్నం చూశాం. ఆకు కదలడం లేదు. చాప చుట్టి కట్టేసి, పిడి తిప్పాను. పడవ వెనక్కి పోయి మీ బావను షెడ్డు గోడకు ఆనించింది. పిడి అటు తిప్పాలట. అటు తిప్పాక... ఏం చెప్పను! చప్పుడే లేదు. కాళ్ళ కింద చిన్న వణుకు, అంతే. ఒడ్డున నిజం కొంగలు నాలుగున్నాయి, మూరెడు దూరానికి వెళ్ళేదాకా ఒక్కటీ తల తిప్పలేదు. ఇన్నేళ్ళూ మన తెరచాప అల్లంత దూరానే కనిపించి అందరికీ నేను వస్తున్నానని చాటింపు వేసేది. ఇప్పుడు దొంగపిల్లిలా వెళ్ళొచ్చు.

వచ్చే బుధవారం ఆవలి గట్టుకు. వాళ్ళమ్మ లేకపోయినా ఇల్లు చూసి వస్తాను. మెట్లెక్కగానే రెండో ఇల్లని నువ్వే ఒకప్పుడు రాశావు. వాడికి చెప్పు, చేపలు నవ్వలేదని.

అక్క


రేవు, కార్మికుల వసతి గృహం,
మార్చి 16

అక్కా,

అత్యవసరం. బుధవారం వెళ్ళకు. ఐసు ఫ్యాక్టరీ ముందు నీటి కింద పాత ఇనుప స్తంభాలు ఉన్నాయట. ఆవలిగట్టు ఇప్పుడే చెప్పాడు. మోటారు రెక్కలు విరిగితే మధ్యలో ఇరుక్కుపోతావు. నేను సెలవు పెట్టి వస్తాను, వచ్చి చూస్తాను, అప్పటిదాకా ఆగు. నా మీద ప్రేముంటే ఆగు.

తమ్ముడు


పడవల షెడ్డు పక్క ఇల్లు,
మార్చి 21

నిన్ను ఏమని పిలవాలో తెలియడం లేదు.

ఈ కవరు మీద వసతి గృహం చిరునామా రాయబోయి కొట్టేశాను. ఐసు ఫ్యాక్టరీ, ఆవలి గట్టు అని రాశాను. నా చేత్తో రాసింది నేనే నమ్మలేకపోయాను.

నువ్వు చూసింది నీకు తెలుసు. నేను చూసింది రాస్తాను, రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

పదిన్నరకు మెట్లు కనిపించాయి. మెట్ల మీద ఎవరో ఇటు వీపు పెట్టి కూర్చుని పాత ఫ్యాను మోటారుకు తీగ చుడుతున్నాడు. ఆ మెడ వంచిన తీరు చూసి, అచ్చం మా తమ్ముడిలా ఉన్నాడే అని నవ్వుకున్నాను. ఇంటికి వెళ్ళాక నీకు రాద్దామనుకున్నాను కూడా. ఇంకా దగ్గరికి వచ్చాక ఎడమ చెవి వెనక మచ్చ కనిపించింది. నాన్న ఉలి జారి తగిలిన మచ్చ. దానికి కుట్లు వేస్తుంటే నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేనే.

"ఒరేయ్" అన్నాను.

రెండేళ్ళ తర్వాత అక్కను చూసి నువ్వన్న మొదటి మాట ఏమిటో గుర్తుందా? "గాలి లేదు కదక్కా, ఎలా వచ్చావు?"

అప్పుడు తెలిసింది. గాలి ఉన్న రోజుల్లో నా తెరచాప చూసి నువ్వు లోపలికి పోయేవాడివి. ఎన్ని బుధవారాలు పోయావు? నేను ఇటు సీసాలు ముంచుకుంటూ, తమ్ముడు ఎక్కడో రేవులో ఎండకు మాడుతున్నాడని బెంగపెట్టుకుంటుంటే, నువ్వు అటు తలుపు చాటున నిలబడి నన్ను చూశావా?

ఇంతలో ఆ రెండో ఇంట్లోంచి ఒక పెద్దావిడ చేత్తో గోడ తడుముకుంటూ వచ్చింది. "ఎవరు బాబూ?" అంది. "మా అక్క, పెద్దమ్మా" అన్నావు నువ్వు. ఆవిడ మెట్లు దిగి వచ్చి, పడవ అంచు మీద ఉన్న నా చెయ్యి పట్టుకుంది. "మావాడు పోయినప్పటినుంచి వీడే నాకు కొడుకు తల్లీ. ఇలాంటివాణ్ణి కన్న కడుపుకు దండం పెట్టాలి" అంది.

"ఎవరు పోయారు?" అన్నాను.

"మావాడేనమ్మా. వెల్డరు. ఓడలో. రెండేళ్ళు దాటింది."

మరి ఫిబ్రవరిలో చేపలు నవ్విపోతాయన్నది ఎవడురా? నా భుజానికి కాపడం పెట్టుకోమన్నది ఎవడు? రెండేళ్ళ కిందే పోయినవాడి నోటితో నాతో మాట్లాడించావు. నేను నవ్వాను కూడా. వాడి మాటలు మీ బావకు చదివి వినిపించి, ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

నీళ్ళు పట్టకుండానే పిడి తిప్పేశాను. సరస్సు సగం దాటాక గానీ తెలియలేదు, నేను వెనక్కే నడుపుతున్నానని. పడవ మొహం నీ వైపే ఉంది. నువ్వు మెట్ల మీద చుక్కంత అయ్యేదాకా నిన్నే చూస్తూ దూరమయ్యాను.

ఇనుప స్తంభాల ఉత్తరం మర్నాడు అందింది. చూశాను. ఒకటే ఉంది, మెట్ల మీద నిలబడి ఉంది.

దిక్కులేని మనిషికి ఆసరాగా ఉన్నావు. మంచి పనే. మంచి పనిని ఎందుకు దాచావు? అది ఒక్కటి చెప్పు.

అక్క


ఐసు ఫ్యాక్టరీ, ఆవలి గట్టు,
మార్చి 25

అక్కా,

మంచి పని కాదు కనుక దాచాను.

వసతి గృహం వాచ్‌మన్ మంచివాడు. నీ ఉత్తరాలు ఇటు పంపేవాడు, నావి అక్కడ పోస్టులో వేసేవాడు. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఓడ మరమ్మతుకు వచ్చింది. అడుగున నీళ్ళ ట్యాంకు, లోపలంతా చెమ్మ. అతుకు వేయడానికి వాడు దిగాలి. ట్యాంకులో పంపు ఉంది, దానికి కరెంటు లైను. మనిషి దిగే ముందు ఆ లైను స్విచ్చి ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి నేను జేబులో పెట్టుకోవాలి. దిగినవాడు పైకి వచ్చాకే తాళం తీయాలి. అది నా పని. ఆ ఓడలో నా ఒక్కడి పని.

స్విచ్చి ఆపాను. తాళం పైన సంచిలో ఉండిపోయింది. "ఆపేశాను, దిగు" అన్నాను. "తాళం?" అన్నాడు. "వేస్తాలేరా" అన్నాను. దిగాడు. నేను తాళం కోసం పైకి వెళ్ళాను. అక్కడ టీ పోస్తున్నారు. ఒక్క గ్లాసే కదా అని నిలబడ్డాను. కింద ఎవరో పంపు తిరగడం లేదేమిటని చూసి స్విచ్చి వేశారు, తడి ట్యాంకంతా కరెంటు పాకింది.

అంతే అక్కా. నా చేతిలో గ్లాసు ఇంకా సగం ఉంది.

చెమ్మ వల్ల జరిగిన ప్రమాదమని విచారణలో రాశారు. తాళం గురించి ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

వాడి పెట్టె వాళ్ళమ్మకు ఇచ్చి, నిజం చెప్పి, ఆవిడ ఏం చేస్తే అది పడదామనే వచ్చాను. ఒట్టు. ఆవిడ పెట్టె తెరవలేదు. నా రెండు చేతులూ తడిమి చూసి, "నువ్వేనా ఈవలిగట్టు? వాడు ప్రతి ఉత్తరంలో నీ గురించే రాసేవాడు. ముందు తిను" అంది. తిన్నాను. ఆ అన్నం తిన్నాక నోరు పెగల్లేదు. రేపు చెబుదాం అనుకున్నాను. పైకప్పు కారుతోంది, అది బాగు చేశాక చెబుదాం అనుకున్నాను. ఐసు ఫ్యాక్టరీలో పని దొరికింది. ఆవిడ కళ్ళు మసకబారాయి. రెండేళ్ళు అయిపోయాయి.

ఇంటికి వస్తే నీకు చెప్పాలి. నీ మొహం చూస్తూ అబద్ధమాడటం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. కాగితం మీద చేతనయింది. వాడు బతికున్నట్టు రాసే ఆ నాలుగు వాక్యాలసేపు వాడు నా పక్కనే ఉన్నట్టుండేది. నువ్వు నవ్వావని తెలిస్తే, వాడే నవ్వించినట్టుండేది.

ఇప్పుడు నన్ను ఏమని పిలిచినా సరే.


పడవల షెడ్డు పక్క ఇల్లు,
ఏప్రిల్ 14

తమ్ముడూ,

మూడు వారాలు కలం పట్టుకోలేకపోయాను. ఏడో సీసా ఖాళీగానే ఇస్తున్నాను. ఆఫీసరు అరిచాడు. వినపడింది గానీ ఎక్కలేదు. మొన్న మీ బావ టీ పెట్టి ఇస్తే, గ్లాసు చేతిలోకి తీసుకుని, అలాగే కింద పెట్టేశాను. ఆయనకు నీ ఉత్తరం చదవమని ఇచ్చాను.

"చెబితే ఆవిడ తట్టుకోగలదా?" అన్నాడాయన. నేనూ అదే ఆలోచించాను. నా తమ్ముణ్ణి కాపాడుకోవాలనే ఆలోచించాను, నిజం చెప్పొద్దూ. ఎన్ని రకాలుగా తిప్పినా, ఆవిడ నా చెయ్యి పట్టుకుని మన అమ్మకు పెట్టిన దండం దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. ఆ దండం మనది కాదురా. నాకు చెయ్యి కాలినట్టుంది.

ఆవిడకు నువ్వు చాకిరీ చేస్తున్నావు, కాదనను. కానీ ఆవిడ కొడుకు ఎలా పోయాడన్నది ఆవిడ సొత్తు. దాన్ని నీ జేబులో పెట్టుకుని ఆవిడ అన్నం తింటున్నావు.

చెప్పు. చెబితే అంతా మంచే జరుగుతుందని నేను మాట ఇవ్వలేను. ఆవిడ కొట్టొచ్చు, తిట్టొచ్చు, ఊళ్ళోవాళ్ళను పిలవొచ్చు. నువ్వు నా తమ్ముడివి కాకుండా మాత్రం పోవు. నేను ఇవ్వగలిగింది అంతే.

అక్క


రేవు, కార్మికుల వసతి గృహం,
ఏప్రిల్ 30

అక్కా,

పైన రాసిన చిరునామా ఈసారి నిజం. ఈ ఉత్తరం పోస్టులో వేసింది కూడా వాచ్‌మన్ కాదు, నేనే.

చెప్పాను. శుక్రవారం పొద్దున. పెద్దమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఎదురుగా నేల మీద కూర్చుని, నీకు రాసినట్టే మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఆవిడ చేతులు ఆగలేదు. ఒలుస్తూనే ఉంది. నేను ఆపాక ఒక్కటే అడిగింది.

"తాళం అని అడిగాడా వాడు?"

"అడిగాడు పెద్దమ్మా."

"అడిగే దిగాడన్నమాట" అంది. చేతులు అప్పుడు ఆగాయి.

తర్వాత ఆవిడ మాట్లాడింది. మాట పొల్లుపోకుండా రాస్తున్నాను. "ప్రమాదం అన్నారు నాకు. ఎలాంటి ప్రమాదమో ఎవరూ చెప్పలేదు. రెండేళ్ళుగా రోజుకో రకంగా వాణ్ణి చంపుకుంటున్నాను. ఒకరోజు నీళ్ళలో మునిగాడు, ఒకరోజు మంటల్లో అరిచాడు. పక్కనే నువ్వు కూర్చుని తింటున్నావు, నీకు తెలుసు. ఒక్క మాట చెబితే వాడు ఒక్కసారే పోయేవాడు కదరా."

అక్కా, ఆవిడ తిడుతుందనుకున్నాను, శపిస్తుందనుకున్నాను. ఇది అనుకోలేదు. ఆవిడను నేను కాపాడుతున్నాననుకున్నాను. రోజూ ఆవిడ పక్కనే కూర్చుని ఆవిడ చేత అంత పని చేయించాను.

"నీ మొహం నాకు ఎలాగూ సరిగా కనపడదు. నీ గొంతు వినపడుతుంది. అది వినపడని చోటికి వెళ్ళు" అంది.

బట్టలు సర్దుకుని రోడ్డు దారిన వచ్చేశాను. నేరుగా ఓడల మరమ్మతు ఆఫీసుకు వెళ్ళి జరిగింది రాసిచ్చాను. అక్కడి పెద్దమనిషి నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "మూసేసిన విచారణ. నిన్నెవరైనా అడిగారా?" అన్నాడు. అడిగారని చెప్పాను. లైసెన్సు తీసేసుకున్నారు. విచారణ మళ్ళీ మొదలుపెడతారట. నా మీద కేసు పెడతారో, ఏం చేస్తారో తెలియదు. నేను రాసిచ్చిన దాని నకలు ఒకటి పెద్దమ్మకు పంపుతారట.

ఆవిడకు వచ్చే కాగితాలు చదివి వినిపించేది నేనే. ఇప్పుడు ఎవరు చదువుతారో.

తమ్ముడు


పడవల షెడ్డు పక్క ఇల్లు,
మే 22

తమ్ముడూ,

నిన్న బుధవారం ఆవలి గట్టుకు వెళ్ళాను. మెట్లకు చాలా దూరంగా, సీసా ఒక్కటి నింపుకుని వచ్చేద్దామనుకున్నాను. ఆవిడకు నా మొహం చూపించే ధైర్యం లేదు. కానీ ఆవిడ కింది మెట్టు మీద కూర్చుని ఉంది. చప్పుడు లేకుండా వెళ్ళానా, "వచ్చావా" అంది.

"ఎలా తెలిసింది పెద్దమ్మా?"

"మెట్లకు నీళ్ళు తగిలే తీరు మారింది. గత వారం కూడా కూర్చున్నాను, రాలేదు నువ్వు."

చీర చెంగులోంచి కవరు తీసింది. విప్పలేదు. వచ్చి పది రోజులైందట. ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా చదువుతానంటే ఇవ్వలేదట. "వాడి అక్కవు నువ్వు. నువ్వే చదవాలి" అంది. అది శిక్షో, నమ్మకమో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

పడవలో కూర్చునే చదివాను. ఆఫీసు భాష, ముద్రలు, నంబర్లు, మధ్యలో నీ మాటలు. తాళం దగ్గరికి వచ్చేసరికి ఏడ్చేశాను, కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకున్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. కాగితం అయిపోయాక, "మళ్ళీ" అంది. మళ్ళీ చదివాను. రెండోసారి ఏడవలేదు. ఏడవడానికి నాకేం హక్కుందని అనిపించింది.

ఆవిడ నోటినుంచి ఒక్క మెత్తటి మాట కోసం కాచుకుని కూర్చున్నాను తమ్ముడూ. సిగ్గు లేకుండా. నీకు రాసి పంపడానికి. ఆవిడకు అది తెలిసిపోయింది.

"క్షమించానని రాసేవు. నేను అనలేదు. విన్నానని రాయి" అంది.

సీసా నింపుకోవడం మరిచిపోతే ఆవిడే గుర్తు చేసింది. నింపి, మూత బిగించి, మోటారు దించి, వెళ్ళొస్తానన్నాను. కవరు నా చేతిలోంచి తీసుకుని, మడత మీద మడత పెట్టి చెంగులో కట్టుకుంది.

"వచ్చే బుధవారం వస్తావుగా?"

"వస్తాను పెద్దమ్మా."

"ఇంకోసారి చదువుదువుగాని."

చదువుతాను. ఆవిడ అడిగినన్నిసార్లు చదువుతాను.

అక్క